కొలిచిన నీడ

ఏడోనాటి పొద్దు తాటిచెట్టంత ఎత్తు ఎక్కేసరికి ఇద్దరు బాటసారులు ఛాయాదుర్గం సింహద్వారం దాటి లోపల అడుగుపెట్టారు.

కోట లోపల నేలంతా సుద్దరాయి. అది పాలరాతి తెలుపు కాదు, ఎముక తెలుపు. దారికి ఇరుపక్కలా నాగకేసర వృక్షాలు, వాటి నడుమ నలుగురు చేతులు కలిపినా అందని స్తంభాలు, ఒక్కో స్తంభం మీద పగడపు కళ్ళ రాతి మకరం, దాని నోట్లోంచి సన్నగా జాలువారే నీరు. ఎండ నిలువెల్లా కాస్తోంది. అయినా ఏ చెట్టు కిందా నీడ లేదు. స్తంభాలకు లేదు, మకరాలకు లేదు, జారే నీటికీ లేదు. అంత వెలుతురు అడ్డూ ఆపూ లేకుండా పరుచుకుని ఉంటే మనిషికి చీకటిని చూసినదానికంటే ఎక్కువ భయం వేస్తుంది. నీలాంకుడికి వేసింది. పక్షి కూత లేదు, ఆకు కదలిక లేదు. ఎక్కడో చాలా లోపల, రాతిగోడల అవతల, బడిలో పిల్లలు గొణుక్కుంటున్నట్టు ఒక సవ్వడి మాత్రం ఆగి ఆగి వినిపిస్తోంది.

నీలాంకుడి ఒంటిమీద బంగారు అంచు కవచం, చెవులకు వజ్రకుండలాలు, నడుముకు రత్నాల పిడి ఖడ్గం. చూసినవాడెవడైనా హేలాపురి యువరాజు వస్తున్నాడనే అనుకుంటాడు. నిజానికి అతను శోణవతీ నదిలో పడవ నడిపేవాడు. వెనక మాసిన తలగుడ్డతో, భుజాన మూటతో కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నవాడే అసలు యువరాజు ప్రసేనుడు.

ఈ వేషాలు వేసి ఆరు రోజులైంది. అంతకు ముందురోజు, యువరాజు పెళ్ళాడబోయే రాకుమారి హంసవేణి పడవలో నది దాటుతుంటే, ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు గద్ద రూపంలో దిగి, నీటిమీద పడ్డ రెండు నీడలను కాళ్ళతో తన్నుకుపోయాడు. ఒకటి రాకుమారిది. రెండోది గడ వేస్తున్న మల్లమది. మల్లమ నీలాంకుడి అక్క. వరదలో అమ్మానాన్నలు పోయిన ఏటినుంచి అతన్ని చంకనేసుకుని పడవ నడిపి పెంచింది ఆమే. నీడ పోయిన మనిషి ఏడో సూర్యాస్తమయం దాటి బతకదని రాజవైద్యులు తేల్చారు. రాకుమారిని పట్టుపరుపు మీద, మల్లమను నులకమంచం మీద పడుకోబెట్టారు. మంచాలు వేరైనా ఇద్దరి పెదాలూ ఒకేలా తెల్లబడుతూ వచ్చాయి.

మాంత్రికుడు ఆ నీడలను తన ఛాయాదుర్గంలో బంధించాడని తెలిసి, రాకుమారి కోసం యువరాజు బయలుదేరాడు. అక్క కోసం నీలాంకుడు మూట మోస్తానని వెంటపడ్డాడు. మాంత్రికుడి గద్దలు యువరాజు కోసం దారులన్నీ కాపుకాస్తాయి కనుక ఇద్దరూ బట్టలు మార్చుకోండని వృద్ధమంత్రి సలహా చెప్పాడు. పడవవాడు పోతే పోయాడు, యువరాజు మిగులుతాడని ఆయన లెక్క. ఆ మాట ఆయన పైకి అనలేదు, అనాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు. ఎందుకంటే నీలాంకుడు కురుచనీడవాడు.

హేలాపురిలో ఏడేళ్ళు నిండిన ప్రతి బిడ్డకూ నీడ కొలుస్తారు. ఈ ఆచారం పెట్టింది కూడా ఒకప్పుడు ఆ రాజ్యంలో ఆస్థాన జ్యోతిష్కుడుగా వెలిగిన ధూమ్రజిహ్వుడే. కొలత మండపంలోకి బిడ్డ ఒంటరిగా వెళ్ళాలి. తలుపు మూస్తారు. తూర్పు గవాక్షంలోంచీ, తెరిచి ఉన్న కప్పులోంచీ పడే ఎండలో బిడ్డను నిలబెట్టి, నేలమీద పడ్డ నీడను దర్భతాడుతో కొలుస్తారు. గీత దాటితే నిడునీడ, దాటకపోతే కురుచనీడ. నిడునీడవాడికి గరిడీలో గురువు పక్కన చోటు, చేతికి కత్తి. కురుచనీడవాడికి అదే గరిడీలో చీపురు. పైగా ఒకసారి కొలిచిన నీడను మళ్ళీ చూసుకోవడం మహాదోషమన్నారు. అందుకే హేలాపురి జనం ఎక్కడికి వెళ్ళినా మెడ నిటారుగా పెట్టుకుని నడుస్తారు. పరాయి దేశాలవాళ్ళు చూసి ఆహా ఎంత రాజసం అనుకుంటారు పాపం.

నీలాంకుడు ఆ గరిడీలో ఆరేళ్ళు ఊడ్చాడు. ఒకసారి ఎవరూ లేనప్పుడు బల్లెం విసిరితే అది సరిగ్గా గురిచెక్క నడుమ దిగింది. అప్పుడే వచ్చిన గురువు చూసి, “గాలివాటం” అని, బల్లెం పీకి నిడునీడ పిల్లల చేతికిచ్చాడు. నీలాంకుడు కూడా గాలివాటమే అనుకున్నాడు. అలా అనుకోవడం సుఖంగా కూడా ఉండేది. మళ్ళీ విసరాల్సిన పని తప్పింది.

వేషం మార్చాక కథ మారింది. పొలిమేర అడవిలో రుద్రోజు అనే ముసలి గరిడీ గురువు ఉన్నాడు. నీడలతో యుద్ధం చేసే వేటు భూమండలం మీద ఆయనకొక్కడికే తెలుసు. గద్దల భయంతో ఆయనకు కూడా నిజం చెప్పకుండా ఇద్దరూ మూడు రోజులు ఆయన దగ్గర నేర్చుకున్నారు.

“నీడకు గొంతు లేదు, గుండె లేదు ప్రభూ. పాదం ఒక్కటే ఉంటుంది. అది నేలకు అంటిన చోట కొట్టాలి. ఊపిరి వదిలాక కొట్టాలి, పట్టి కొట్టకూడదు” అన్నాడు రుద్రోజు, నీలాంకుడికి చేతులు జోడించి.

మొదటి రోజు నీలాంకుడు కొట్టిన యాభై వేట్లలో యాభయ్యీ తప్పాయి. చెమటతో, సిగ్గుతో తల దించుకుని నిలబడ్డాడు. గరిడీలో అలవాటైన తిట్టు కోసం వీపు దానంతటదే వంగింది. రుద్రోజు మాత్రం గడ్డం గోక్కుని, “నేను చెప్పడంలోనే ఏదో లోపముంది ప్రభూ. మీబోటివారి చేతికి ఇది రాకపోవడమేమిటి? ఉండండి, ఇంకో విధంగా చూపిస్తాను” అని మళ్ళీ మొదలుపెట్టాడు. ఒకటి కాదు, తొమ్మిది విధాలుగా చూపించాడు. తొమ్మిదో విధం నీలాంకుడికి అందింది. మూడో రోజు సాయంత్రానికి గోడమీద పాకే బల్లి నీడను బల్లికి తెలియకుండా కోశాడు.

ప్రసేనుడి సంగతి వేరు. ఎనిమిదో ఏటినుంచి కత్తి పట్టినవాడు మొదటి వేటు సుమారుగా కొట్టాడు. రుద్రోజు అటు చూడనైనా లేదు. రెండోసారి తప్పితే, “ఒరేయ్, నీకెందుకురా ఇది? వెళ్ళి గుర్రాలకు నీళ్ళు పెట్టు” అన్నాడు. మూడోరోజుకు యువరాజు చేతిలో కర్ర కూడా నిలవడం మానేసింది. అన్నం దగ్గర ముంత జారిపోయేది. నడుస్తూ నడుస్తూ రాళ్ళకు తట్టుకునేవాడు. మాట కూడా సన్నబడింది.

అలాంటి ఇద్దరు ఇప్పుడు నీడలు లేని ఆ దారిలో నడుస్తున్నారు.

పది స్తంభాలు దాటారో లేదో, నెత్తిన ఉన్న మకరం నోట్లో నీరు ఆగిపోయింది. ఆ రాతినోరు నీలాంకుడి గరిడీ గురువు గొంతుతో మాట్లాడింది.

“చీపురెక్కడ పెట్టావురా?”

నీలాంకుడి చెయ్యి కత్తిపిడి మీదనుంచి జారింది. కవచం, కుండలాలు అన్నీ ఒక్కసారి అద్దెకు తెచ్చిన నాటకం సామానులా అనిపించాయి. తరువాతి మకరం కొలత మండపం పూజారి గొంతుతో, “కురుచ. పక్కకు పో. తరువాతివాళ్ళు రండి” అంది. దాని తరువాతిది ఏ గొంతూ కాకుండా కేవలం నవ్వింది. పదిహేడేళ్ళ కిందటి మాటలు అవి. ఎవరు దాచారు వీటిని, ఎక్కడ దాచారు? తను దాచుకున్నవేనా? నీలాంకుడు పళ్ళు బిగించి, అక్క పేరు లోలోపల జపిస్తూ నడిచాడు.

“నీకేమన్నా వినిపిస్తోందా నీలాంకా?” అన్నాడు వెనకనుంచి ప్రసేనుడు.

“వినిపిస్తోంది యువరాజా. మీకూనా?”

“నాకు ‘గుర్రాలకు నీళ్ళు పెట్టు’ అంటున్నాయి” అన్నాడు యువరాజు. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళలో నీళ్ళున్నాయి.

పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు కోట తూర్పు కొసన దారి ఆగిపోయింది. అక్కడ ఒంటిరాతి తలుపు ఉంది. ఏనుగు అంబారీతో దూరిపోయేంత ఎత్తు. దానికి తాళం లేదు, గొళ్ళెం లేదు, సందు కూడా లేదు. తలుపు ముందు నల్లరాతి గడప. గడపకు ఇరవై అడుగుల ఇవతల నేలలో పొదిగిన ఒక పాదశిల, దానిమీద రెండు పాదాల గుర్తులు. గడపమీద చెక్కిన అక్షరాలు ఇవి: నిలిచినవాని నీడ ఈ గడపను తాకిన తలుపు తెరుచును. తాకినంతసేపే తెరిచి యుండును.

పిల్లల గొణుగుడు ఆ తలుపు వెనకనుంచే వస్తోంది.

ప్రసేనుడు మూట దించాడు. వారం రోజుల్లో మొదటిసారి అతని ముఖంలో రాచకళ కనిపించింది. ఇది తన పని. హేలాపురి చరిత్రలో అంత పొడుగు నీడ కొలవలేదని వందిమాగధులు పాడింది తన గురించే. తలగుడ్డ విప్పి పారేసి, పాదశిల మీద కాళ్ళు పెట్టి నిలబడ్డాడు. గడపవైపు చూశాడు. గడపమీద ఏమీ లేదు. చూపు వెనక్కి లాక్కుంటూ, లాక్కుంటూ, ఏడో ఏటినుంచీ చూడకూడదన్న చోటికి తెచ్చాడు. అతని నీడ మడమల చుట్టూ ఒలికిన మజ్జిగంత ఉంది.

తలుపుమీద చెక్కిన మకరం, “కురుచ” అంది.

ప్రసేనుడు కూలబడ్డాడు. “పోయింది” అన్నాడు. “నీ బట్టలు కట్టాను, నీ మూట మోశాను. నా నీడ పోయింది నీలాంకా. హంసను నేనే చంపుకున్నాను.”

నీలాంకుడు తనూ వెళ్ళి పాదశిల మీద నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని, దోషమైతే దోషమే అనుకుని, తెరిచి చూశాడు. అంతే. ఒలికిన మజ్జిగంత. యువరాజుదీ తనదీ ఒకే కొలత. అది చూసి సంతోషించాలో ఏడవాలో తెలియక రాయిమీదే కూర్చుండిపోయాడు. ఊళ్ళో అక్క పెదాలు ఈపాటికి ఎంత తెల్లబడ్డాయో.

ఎంతసేపు కూర్చున్నారో. సుద్దరాతి పలకల నడుమ అతుకులు ఉన్నాయి, జానెడుకొకటి. ప్రసేనుడి నీడ ఇందాక మొదటి అతుకుకు ఇవతల ఉంది. ఇప్పుడు దాన్ని తాకుతోంది. నీలాంకుడు కళ్ళు నులుముకున్నాడు. కాసేపటికి అది అతుకు దాటింది.

పడవవాళ్ళు గడను నిలబెట్టి, దాని నీడ చూసి జాము చెబుతారు. నీలాంకుడికి అది అక్క నేర్పిన మొదటి విద్య. పొద్దున గడ నీడ పడవ దాటి నీళ్ళలో పడుతుంది, మిట్టమధ్యాహ్నం గడ కిందే దాక్కుంటుంది, సాయంత్రానికి మళ్ళీ సాగుతుంది. గడకు అలా జరుగుతుందని అతనికి పుట్టి బుద్ధెరిగిననాటినుంచీ తెలుసు. మనిషికి కూడా అలాగే జరుగుతుందని మాత్రం ఇరవై నాలుగేళ్ళు వచ్చినా తట్టలేదు. చూసుకుంటే కదా తట్టడానికి.

“యువరాజా,” అన్నాడు, “మిమ్మల్ని ఏ వేళప్పుడు కొలిచారు?”

“సూర్యోదయానికి. రాజబిడ్డలదే కదా మొదటి వంతు. గవాక్షంలో అప్పుడే ఎర్రగా ఎండ పడుతోంది. ఎందుకు?”

“మీ తరువాత?”

“సామంతులు, మంత్రులు, దండనాయకులు, వర్తకులు... ఎప్పుడూ ఉండే వరసే.”

“ఆ వరసలో అందరికన్నా కడాఖర్న పడవోళ్ళం. మా వంతు వచ్చేసరికి నెత్తిమీద ఎండ, కాళ్ళు కాలిపోతున్నాయి. అరికాలు మార్చి అరికాలు వేసుకుంటా నిలబడ్డాను.” నీలాంకుడు నేలమీద సాగుతున్న నీడలను చూపించాడు. “ఆ ధూమ్రజిహ్వుడు కొలిపించింది మమ్మల్ని కాదు యువరాజా. పొద్దును.”

ప్రసేనుడు నేలమీది నీడలవైపు, నీలాంకుడివైపు మార్చి మార్చి చూశాడు. ముందు అర్థంకాక నవ్వాడు. తరువాత అర్థమై నవ్వు ఆపాడు. ఆపైన దిగ్గున లేచి, నీలాంకుడి నడుమునున్న తన ఖడ్గం దూసి అతని గొంతుమీద పెట్టాడు.

“అయితే నేనెవర్ని?” అన్నాడు. “పద్నాలుగేళ్ళు నాకు మొక్కింది దేనికి? నేను మిట్టమధ్యాహ్నం కొలిచిన పడవవాణ్ణయితే నాకూ చీపురేనా?”

“ఇచ్చేవాళ్ళే” అన్నాడు నీలాంకుడు. కత్తి మొన గుచ్చుకుంటున్నా కదల్లేదు. అతనికి యువరాజుమీద జాలీ, కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి. “కానీ మీకు కత్తే ఇచ్చారు. పద్నాలుగేళ్ళు చెమట కార్చింది మీరు, మీ నీడ కాదుగా? ఆ చేతిలో ఉన్నది ఎవరు తీసుకుంటారు?”

ప్రసేనుడు బదులు చెప్పేలోపల ఆకుల గలగల వినిపించింది. చెట్టుమీద ఆకు కదల్లేదు. శబ్దం నేలమీదనుంచి వస్తోంది.

ఆ కోటలో చెట్లకు నీడలు ఎందుకు లేవో అప్పుడు తెలిసింది. అవి చెట్లనుంచి ఊడబెరికి కాపలాకు పెట్టిన నీడలు. గోడల పగుళ్ళలోంచి, మెట్ల కిందనుంచి, ఎండిన బావుల్లోంచి ఒక్కొక్కటే పాక్కుంటూ బయటికి వచ్చాయి. నాగకేసరాల నీడలు కొమ్మలు చేతుల్లా చాపుకుని, స్తంభాల నీడలు గదల్లా నిటారుగా లేచి, మకరాల నీడలు నోళ్ళు తెరుచుకుని అర్ధచంద్రాకారంలో చుట్టుముట్టాయి. వాటికి ముఖాలు లేవు. ఒక కొమ్మ నీడ నీలాంకుడి ఎడమచెయ్యిమీద నుంచి జారిపోయింది. అది తాకినంతమేరా చెయ్యి మొద్దుబారి, తనది కానట్టు వేలాడింది.

“పొద్దు వాలేదాకా నిలబడితే చాలు యువరాజా. మన నీడలే గడప దాకా పోతాయి” అని నీలాంకుడు మూటలోంచి రెండో కత్తి లాగాడు. “ఎడమవైపు మీది.”

“నాకు ఆ వేటు రాదు. నువ్వు చూశావు కదా” అన్నాడు ప్రసేనుడు.

“ఎడమవైపు నేను చూసుకోలేను, మీదే” అన్నాడు నీలాంకుడు. అని అటు వీపు పెట్టేశాడు.

వీపు పెట్టడమంటే ప్రాణం పెట్టడమే. ఎడమవైపునుంచి ఒక స్తంభం నీడ గాలిలోకి లేచి అతని తలమీదికి వస్తుంటే నీలాంకుడు తిరిగి చూడలేదు. చూడాలని మెడ ఎంత గుంజినా చూడలేదు. వెనక ఒక ఊపిరి వదిలిన చప్పుడు, రాతిమీద లోహం గీసుకున్న చప్పుడు వినిపించాయి. స్తంభం నీడ మొదలు తెగి, పొగలా చెదిరిపోయింది. “తగిలింది” అన్నాడు ప్రసేనుడు, నమ్మలేనట్టు. “మళ్ళీ వస్తోంది చూసుకోండి” అన్నాడు నీలాంకుడు, తగలడంలో వింతేముందన్నట్టు.

ఆ మధ్యాహ్నమంతా వాళ్ళిద్దరూ వీపుకు వీపు ఆనించి పోరాడారు. ఎండ వాలేకొద్దీ వీళ్ళ నీడలు సాగుతున్నాయి, మీదపడే నీడలూ సాగుతున్నాయి. మొదట బారెడున్న కొమ్మలు మూడు బారలయ్యాయి. ఒక మకరం నీడ ప్రసేనుడి కుడికాలు కరిచి మొద్దుబార్చింది. అతను ఎడమకాలిమీదే గుండ్రంగా తిరుగుతూ దాని పాదం కోశాడు. నీలాంకుడి కవచం ఎక్కడికక్కడ ఊడిపోయింది. కుండలాలు ఎప్పుడు రాలిపోయాయో తెలియదు. మకరాలు తిట్టడం మానలేదు. మానకపోయినా వినే తీరిక ఇద్దరికీ లేకపోయింది.

రెండు గడియల పొద్దుందనగా నీలాంకుడు పోరాడుతూనే వెనక్కి నడిచి పాదశిల మీద నిలబడ్డాడు. అతని నీడ సుద్దరాయి మీదుగా సన్నగా, నిడుపుగా సాగి, నల్లగడపమీద తల పెట్టింది.

తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

లోపల నేలమీద వరసలు వరసలుగా చిన్న చిన్న నీడలు కూర్చుని ఉన్నాయి. వందలు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, ఒకదాని వెనక ఒకటి. ఏడేళ్ళ పిల్లల నీడలు అవి. కొలిచినప్పుడు ఒక్కో నీడలోంచి తాడుకు అంటుకుపోయి వచ్చిన పొరలు, ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉండిపోయినవి. వెలుతురు పడగానే అన్నీ తలలెత్తాయి. అందరికంటే ముందున్నది అడిగింది:

“కొలత అయిపోయిందా? ఇంటికెళ్ళొచ్చా?”

నీలాంకుడికి గుండె చెరువైంది. వాటిలో తనది కూడా ఉండి ఉంటుంది. వెతకడానికి ధైర్యం చాలలేదు.

“హంసా” అని కేక వేశాడు ప్రసేనుడు. వెనకవరసలోంచి రాకుమారి నీడ లేచి, వరసలన్నీ దాటుకుంటూ నేరుగా వచ్చి గడప దాటింది, పాదశిల దాటింది, ఎండ తగలగానే వెలుగులా దూసుకుపోయి హేలాపురి దిక్కుకు మాయమైంది. ఆ గడప తనను ఆపవచ్చన్న ఊహే ఆమెకు రాలేదు. యువరాజు కళ్ళు తుడుచుకుని, మీదికి వస్తున్న చెట్ల నీడలకు ఎదురు తిరిగాడు.

“అక్కా” అన్నాడు నీలాంకుడు. “లే. పొద్దు పోతోంది.”

పిల్లల నడుమ కూర్చున్న పెద్ద నీడ ఒకటి కదిలింది. ఒడిలో అందరికంటే చిన్న నీడను పడుకోబెట్టుకుని జోకొడుతోంది.

“నీలిగా, వచ్చావట్రా నాయనా” అంది మల్లమ నీడ. ఎంత ప్రేమగా అందో అంత నీరసంగా అంది. “నేనెట్లా వస్తాను? అది నిడునీడలోళ్ళ గడపంట. నన్ను ఎత్తుకొచ్చినాయన చెప్పాడు. మనం తొక్కకూడదు.”

“అదంతా అబద్ధమే అక్కా. నిన్ను కొలిచింది మధ్యాన్నం...”

“నాకా లెక్కలు తెలియవురా. కొలిచారు, కురుచ అన్నారు. ఇన్నేళ్ళు లేనిది ఇవాళ ఎక్కడనుంచి వస్తది? నువ్వు పో. నువ్వన్నా పో.”

నీలాంకుడు బతిమాలాడు, కోప్పడ్డాడు, ఏడ్చాడు. ఆమె లేవలేదు. వెళ్ళి లాక్కురావడానికి వీల్లేదు. అతను రాయి దిగితే తలుపు మూసుకుంటుంది. దిగినా మనిషి చేతికి నీడ అందదు. పడమటి కొండమీద సూర్యుడు ఎర్రబడుతున్నాడు. అక్క అతను ఎరిగినంతలో ఒక్కరోజు కూడా తనకోసం లేచిన మనిషి కాదు. ఆ సంగతి తట్టగానే నీలాంకుడు కళ్ళు తుడుచుకున్నాడు.

“సరే అక్కా, నువ్వు రావద్దులే” అన్నాడు. “కానీ ఈ పిల్లలు ఇళ్ళకు పోవాలి. అవతల ఒడ్డుకు దించేవాళ్ళు లేరు. నాకు చెయ్యి ఖాళీ లేదు. ఆ ఒళ్ళో దాన్ని ఈ రాయిదాకా తెచ్చి దించు.”

మల్లమ నీడ ఒక్క క్షణం కూడా ఆగలేదు. “ముందే చెప్పొద్దట్రా” అంటూ లేచి, పిల్ల నీడను చంకనేసుకుని, గడప దాటి వచ్చింది. తను ఏం దాటిందో ఆమెకు తెలియలేదు. పాదశిల దగ్గర పిల్లను దించింది. అది ఒకసారి అక్కను చూసి, ఎండలోకి తూనీగలా ఎగిరిపోయింది. ఇంకొక్క అడుగు వేస్తే మల్లమ కూడా పోతుంది. నులకమంచం మీద కళ్ళు తెరుస్తుంది.

“ఆ అడుగు వెయ్యక్కా” అన్నాడు నీలాంకుడు.

ఆమె తలుపువైపు తిరిగింది. “లోపల ఇంకా ఉన్నారుగా” అంది.

“పొద్దు లేదక్కా.”

“రేవులో జనాన్ని వదిలేసి ఏనాడన్నా పడవ తోశానట్రా నేను?” అంటూ మల్లమ లోపలికి వెళ్ళిపోయింది. వెళుతున్నప్పుడు నడకలో ఇందాకటి నీరసం లేదు. రేవులో కేక వేసే గొంతుతో పిల్లల్ని లేవమంది. ఒకరి కొంగు ఒకరు పట్టుకోమంది. తోసుకోవద్దంది. మొదట ఎవరూ కదల్లేదు. తరువాత మూలనున్న ఒక బక్క నీడ లేచింది. దాన్ని చూసి ఇంకొకటి, దాన్ని చూసి వరస మొత్తం.

వెనక ప్రసేనుడు ఒంటికాలిమీద నిలబడి ఎడమవైపూ కుడివైపూ తనే కాస్తున్నాడు. కొండమీద సూర్యుడు గోరంత మిగిలాడు. గడపమీద నీలాంకుడి నీడ పలచబడుతోంది. అడిగింది తను, చేస్తోంది ఆమె. ఇప్పుడు వద్దని ఎలా అంటాడు? పరిగెత్తమని అరవాలనిపించింది. లోపలనుంచి పిల్లల నీడల బారు గడపవైపు కదిలింది. ముందు మల్లమ. ఆమె కొంగు పట్టుకున్న పిల్ల నీడ ఇన్నేళ్ళు కూర్చుని కూర్చుని నడక మరిచినట్టుంది, ఒక్కో అడుగూ చూసి చూసి వేస్తోంది. మల్లమ ఆగి, దాని నడక చూసి, తన నడకను దానికి సరిచేసుకుంది.